నాలుగు చేతుల చక్రం

1

ఇవాళ్టి నుంచి జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకుందామనుకుంటున్నాను. పొద్దున మైకులో పల్లపుపేట గొట్టం కారుతోందని, అందుకని ఆ పేటకి నీళ్ళు కాస్త తగ్గిస్తున్నామని చెప్పారు. సాయంత్రం అదే గొంతు, పల్లపుపేటవాళ్ళు నీళ్ళు పారబోస్తున్నారని, అందుకని తగ్గిస్తున్నామని చెప్పింది. మరి గొట్టం సంగతేమిటని నీళ్ళభవనం గుమస్తాని అడిగితే, "గొట్టమా? గొట్టం గురించి ఎవరన్నారు?" అని నన్నే ఎదురడిగాడు. ఇంటికప్పు మీద పేరుకున్న ఉప్పు గీకుతూ రెండు చెవులా విన్నదాన్ని నేను. ఇలా ఇంకోసారి జరిగితే నా చెవుల్ని నేనే నమ్మను. అందుకే ఈ రాత.

నాకు అనుమానం ఎక్కువని ఊరంతా అంటారు. "అందరూ కోడిగుడ్డుకి ఈకలు పీకుతారు, మా నూకరత్నం బాతుగుడ్డుక్కూడా పీకుతుంది" అనేవాడు మా ఆయన. బాతులు పెంచి బతికేదాన్ని కాబట్టి ఆ మాట నాకు బాగా అతికింది. ఇవి ఉప్పుబాతులు. సముద్రం రాకుండా ఊరి చుట్టూ కట్టిన గోడ అవతలికి వదిలితే సముద్రం నీళ్ళే తాగి, సముద్రంలోనే మేసి, సాయంత్రానికి గూటికొస్తాయి. బాతులకి ఆ విద్య నేర్పిన శాస్త్రజ్ఞులు మనుషుల దగ్గరికొచ్చేసరికి అలిసిపోయినట్టున్నారు. మనం మాత్రం ఉప్పు తీసే కేంద్రం ఇచ్చిన నీళ్ళే తాగాలి, నీళ్ళభవనం వదిలితేనే తాగాలి.

గుమస్తా వచ్చింది ఇంకో పని మీద. పల్లపుపేట నీళ్ళు తగ్గించే చక్రానికి నా పేరు వచ్చిందట. "ఒక్క మెట్టే బిగించాలమ్మా, అరగంట పని" అన్నాడు. మా చెల్లెలు పైడితల్లి ఉండేది పల్లపుపేటలోనే. ఆ సంగతి అతనికి చెప్పాను. "అయితే ఇంకా మంచిది, ఒక్క మెట్టు కంటే ఎక్కువ బిగించకుండా మీరే చూసుకోవచ్చు" అన్నాడు. ఆ మాటలో ఎక్కడో మెలిక ఉందనిపించింది. ఎక్కడో దొరకలేదు. సరేనన్నాను.

2

మొదటి మెట్టు అయింది.

మా ఊళ్ళో ఏ పేటకైనా నీళ్ళు తగ్గించాలంటే ఒక్క మనిషి చేత చేయించరు. నలుగురు కలిసి చక్రం తిప్పాలి. చక్రం మీద మందపాటి గుడ్డ కప్పి ఉంటుంది, దానికి నాలుగు చేతిసంచుల్లాంటి తొడుగులు. వాటిలోకి చేతులు దూర్చి చక్రం పట్టుకోవాలి. ఎవరి చెయ్యి ఎంత తిప్పిందో పక్కవాడికి కూడా కనపడదు. గోడ కట్టిన కొత్తలో, పెద్ద తుఫానులో, బయట ఇంకా మనుషులుండగానే ఒకడు ఒంటరిగా గోడ తలుపు మూసి ఊరిని కాపాడాడట. ఊరు బతికింది గానీ ఆ మనిషితో కలిసి ఎవరూ అన్నం తినలేదు. చివరికి గోడ మీంచి నడుచుకుంటూ సముద్రంలోకి వెళ్ళిపోయాడు. పాపం ఒక్కడి చేతికే అంటకూడదని అప్పుడు పెట్టిన పద్ధతి ఇది. పెట్టినవాళ్ళు మంచి మనసుతోనే పెట్టి ఉంటారు.

నాతోపాటు ముగ్గురున్నారు. రేవులో మూటలు మోసి మోసి చేతులు తాటిదుంగల్లా అయిన దాలినాయుడు. గుడ్డకి తొడుగులు కుట్టే మెహరున్నీసా. బడిపంతులుగా చేసి దిగిపోయిన జోగారావు మాస్టారు, ఈయనకి చెయ్యి వణుకు. చేయించే అధికారి యామిని మేడమ్. చిన్న వయసు, మెత్తటి గొంతు. గది మూల చెక్క దిమ్మె మీద నిలబడి అందరి ఆరోగ్యం పేరుపేరునా అడిగింది. నా మోకాలి నొప్పి ఆమెకెలా తెలుసో నాకు తెలీదు.

"పట్టండి" అంది. పట్టాం. "తిప్పండి" అంది.

తిప్పాను. పళ్ళు బిగబట్టి తిప్పాను. ఎడమపక్క మాస్టారు రొప్పుతుంటే, నేను తక్కువ తిప్పితే దొంగపని చేశానంటారేమోనని ఇంకాస్త బలం పెట్టాను. మొదట రాయిలా ఉన్న చక్రం ఉన్నట్టుండి మెత్తగా కదిలింది. మొత్తం ఎనిమిది మెట్లు బిగిస్తే పేటకి చుక్క రాదు, అందులో ఒక మెట్టు బిగిసింది. తర్వాత చేతులు కడుక్కుంటే తలా ఒక మరమరాల ఉండ పెట్టారు. గుమ్మం దాటేదాకా ఒకరి ముఖం ఒకరు చూడకూడదు, చక్రం మాట చక్రం దగ్గరే వదిలెయ్యాలి. అది ఆచారం.

ఉండ బాగుంది. పాకం సరిగ్గా కుదిరింది.

3

బాతుగుడ్లు తీసుకుని పైడితల్లి ఇంటికి వెళ్ళాను. కుళాయి దగ్గర బిందెల వరస వీధి మలుపు తిరిగింది. మా చెల్లెలు పల్లపుపేటలో పురుళ్ళు పోస్తుంది. నెలలు నిండినవాళ్ళు ముగ్గురున్నారట, వాళ్ళు తేలేదాకా కదలనంటుంది.

"కదలడమేటి?" అన్నాను.

"నీకు తెలీదేటప్పా? పేట కాళీ సేసెయ్యమన్నారు. ఇక్కడ ఉప్పుమడులు తవ్వుతారట. మీరు పైకెల్లిపోండి, గదులిత్తాం అన్నారు. ఆ గదులు సూసేవా? కోడిగూళ్ళు. మావు ఎల్లం అన్నాం. అన్న వారానికే గొట్టం కారిందట, నీళ్ళు పారబోత్తన్నామట." పైడితల్లి నవ్వింది, ఆ నవ్వు నాకు నచ్చలేదు. "ఎవులో నలుగురు తిప్పుతున్నారట సక్రం. ఆళ్ళ సేతులు పడిపోను."

నా చేతులు ఆమె ఇత్తడి పళ్ళెంలో ఉన్నాయి, గుడ్లు సర్దుతూ. ఒక గుడ్డు చితికింది. "అయ్యో, సూసుకోప్పా" అని తనే తుడిచింది. చెబుదామనుకున్నాను. చక్రం మాట బయట అనకూడదన్న ఆచారం ఆ క్షణాన నాకు ఎంత ఆసరాగా దొరికిందో చెప్పలేను. ఆచారం లేకపోయినా చెప్పేదాన్ని కాదేమో.

4

ఒక్క మెట్టే అన్నారు. మళ్ళీ పిలిచారు. రెండో మెట్టు. "మొన్నటిదాన్నే కాస్త సరిచేస్తున్నాం" అంది యామిని మేడమ్.

ఈసారి నేను తిప్పలేదు. చక్రం మీద చేతులు ఊరికే ఆనించి ఉంచాను. ముఖం మాత్రం బిగబట్టాను, ఆయాసం నటించాను. చక్రం తిరిగింది. నేను లేకపోయినా తిరిగింది. మిగతా ముగ్గురి బలం చాలునన్నమాట. ముఖ్యంగా దాలినాయుడి బలం. ఆ మనిషి ఒక్కడు చాలు, ముగ్గురి పని చేసేస్తాడు.

ఇంటికొచ్చి అన్నం సుబ్బరంగా తిన్నాను. నేను తిప్పలేదు, నా చేతికి ఏమీ అంటలేదు అనుకున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగిందంటారే, అదీ నా సంగతి. ఆ తర్వాత మూడో మెట్టు, నాలుగో మెట్టు కూడా అలాగే ఆనించి కానిచ్చాను.

5

యామిని మేడమ్ దగ్గరికి వెళ్ళి, నా పేరు తీసెయ్యమన్నాను. ఆమె కుర్చీ చూపించింది, మజ్జిగ తెప్పించింది.

"మీ ఇష్టం నూకరత్నం గారూ, బలవంతం ఏమీ లేదు. ఎవరినీ ఎప్పుడూ బలవంతం చెయ్యలేదు. మీరు వద్దంటే ఇంకొకరు వస్తారు. కాకపోతే చూడండి, పల్లపుపేటలో మీ చెల్లెలుంది. ఆ పేట మీద జాలి ఉన్న మనిషి చక్రం దగ్గర ఒక్కరైనా ఉండడం మంచిది కదా? కొత్తగా వచ్చినవాళ్ళకి ఆ జాలి ఉంటుందని నేను మాటివ్వలేను."

"నా జాలి వల్ల ఏం తగ్గిందమ్మా? నాలుగు మెట్లు బిగిసిపోయాయి."

"మీరు లేకపోతే ఈపాటికి ఎనిమిదీ బిగిసేవేమో. అయినా మిగతా ముగ్గురూ ఏమీ అనలేదు. మీరొక్కరే అడుగుతున్నారు." ఆ చివరి మాట మెల్లగా, నా మంచి కోరే దానిలా అంది.

మజ్జిగ తాగి వచ్చేశాను. పేరు తీయించుకోలేదు. దారి పొడవునా లెక్క తిప్పి చూసుకున్నాను. నేనుండడం పైడితల్లికి మేలనిపించింది, నేనుండడం యామినికే మేలనీ అనిపించింది. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో అర్థం కాలేదు. మిగతా ముగ్గురూ ఏమీ అనలేదన్న మాట మాత్రం ముల్లులా దిగింది. అంటే వాళ్ళు ఇష్టంగానే తిప్పుతున్నారు.

6

ఈ మధ్య నాకు వేరే ధ్యాస లేదు. ఆ ముగ్గురినీ కనిపెడుతున్నాను. దాలినాయుడు నన్ను చూస్తే రోడ్డు దాటేస్తాడు. దొంగకి తేలు కుట్టినట్టు తల వంచుకుని పోతాడు. మాస్టారు కనపడిన ప్రతివాడికీ క్రమశిక్షణ గురించి చెబుతున్నాడు. మా సంగతులు నీళ్ళభవనానికి మోస్తున్నది ఆయనేనని నా అనుమానం. మెహరున్నీసా గుడ్ల కోసం వస్తుంది, తీసుకుంటుంది, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళిపోతుంది. ఇదివరకు ఆమె నోరు మూయించడం ఎవరి తరమూ అయ్యేది కాదు.

ఆరో మెట్టు బిగిశాక పల్లపుపేట కుళాయిలు రోజుకొక పూటే, అదీ దారంలా వస్తున్నాయి. గౌరి అనే పిల్లకి పురుడు వచ్చిందట. బాలింతని కడగడానికి నీళ్ళు లేక పైడితల్లి గోడ అవతలి ఉప్పునీళ్ళు కాచి వాడింది. గౌరికి జ్వరం పట్టుకుంది. నేను వెళ్ళేసరికి మా చెల్లెలు గుమ్మంలో కూర్చుని పెదాలు తడుపుకుంటోంది. తన వంతు నీళ్ళు గౌరికి పోసేసింది.

"నాతో వచ్చెయ్యే, మా ఇంట్లో నీళ్ళున్నాయి" అన్నాను.

"గౌరిని ఒగ్గేసా? ఇంకా ఇద్దరున్నారప్పా. ఎనిమిదో మెట్టు కూడా బిగించేత్తే ఇక్కడే సత్తాం గానీ, పురిటాళ్ళని ఒగ్గేసి ఎలిపోతానా?"

చస్తుంది. మా చెల్లెలు అన్నంత పనీ చేసే మనిషి.

7

తిన్నగా రేవుకి వెళ్ళాను. మధ్యాహ్నం, జనం ఉన్నారు, లెక్కచేయలేదు. ఆచారం గీచారం గోడవతల పారేశాను.

"నీ సేతులు కుళ్ళిపోను నాయుడన్నా! మూటలు మోసిన సేతుల్తో మనుసుల గొంతు పిసుకుతావా?"

ఆ పెద్ద మనిషి మూట మీద కూలబడ్డాడు. ఏడుస్తాడని నేననుకోలేదు.

"సెల్లెమ్మా, రెండో మెట్టు కాడ్నుంచీ నాను తిప్పనేదు. దేవుడి మీద ఒట్టు. సేతులు ఊరికే ఆనిత్తన్నాను. నువ్వు తిప్పుతన్నావనుకున్నాను. ఇంతాడదానికి అంత కసేటని నిన్ను సూత్తేనే బయమేసీది. అందుకే రోడ్డు దాటీవోణ్ణి."

నేను ఆయన్ని అనుమానిస్తూ కూర్చుంటే ఆయన నన్ను అనుమానిస్తూ కూర్చున్నాడు. ఇద్దరం కలిసి మెహరున్నీసా ఇంటికి పరిగెత్తాం. ఆమె మిషను మీంచి లేవకుండానే విని, కళ్ళు తుడుచుకుంది. "నేను చక్రాన్ని తాకనైనా తాకలేదక్కా. తొడుగు లోపల తస్బీ పూసలు పట్టుకుని దువా చేసుకుంటున్నా. కుట్టింది నేనే కదా, లోపల చోటెంతుందో నాకు తెలుసు."

మిగిలింది మాస్టారు. ముగ్గురం ఒకరినొకరు చూసుకున్నాం. గ్లాసు పట్టుకుంటే సగం ఒలకబోసుకునే మనిషి ఒంటరిగా ఆ ఇనప చక్రం తిప్పాడంటే నమ్మేదెవరు? అయినా వెళ్ళి అడిగాం. ఆయన గోడకేసి చూస్తూ అన్నారు: "నేను మొదటిరోజు నుంచీ వెనక్కి లాగుతున్నానమ్మా. నా శక్తి కొద్దీ. మీరు ముగ్గురూ ముందుకి తోస్తున్నారు కదా, నా లాగుడు మీ ముందు ఏపాటిదిలే అనుకున్నాను."

ఎవరూ తిప్పలేదు. చక్రం తిరిగింది.

దాలినాయుడే ముందు అన్నాడు. "కింద మోటారెట్టేసినారు." అవును, నేల కింద ఎప్పుడూ ఏదో రొద ఉంటుంది, నీళ్ళ పంపులనుకునేవాళ్ళం. మరి మోటారే తిప్పేటప్పుడు మమ్మల్ని పిలవడమెందుకు, మజ్జిగలూ మరమరాల ఉండలూ ఎందుకు? మెహరున్నీసా నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను. పల్లపుపేట గురించి మేం నోరు తెరవకుండా ఉన్నది ఎందుకో మా ఇద్దరికీ తెలుసు. మా బలంతో వాళ్ళకి పనిలేదు. మా సిగ్గుతో పని.

8

ఏడో మెట్టు నిన్న అయింది. తొడుగుల్లో నలుగురం చేతులు పూర్తిగా వదిలేసి చూశాం. నిక్షేపంగా తిరిగింది.

ఇక మిగిలింది ఎనిమిదో మెట్టు. దీనికొక పద్ధతి ఉంది. చివరి మెట్టు తలుపులు తీసి, అన్ని పేటల జనం చూస్తుండగా బిగించాలి. దాన్ని చూపు అంటారు. ఊరు చూస్తుండగా నలుగురు తిప్పారు కాబట్టి రేపు ఎవరూ నీళ్ళభవనాన్ని వేలెత్తి చూపకూడదని దాని భావం. మా పథకం చాలా చిన్నది. యామిని తిప్పమనగానే గుడ్డ లాగేసి, నలుగురం చేతులు పైకెత్తేస్తాం. చక్రం దానంతటదే తిరుగుతుంది. ఊరు చూస్తుంది. ఆ తర్వాత ఏం చెయ్యాలో ఊరికే తెలుస్తుంది.

మాస్టారు ఒక అర్జీ పెడదామన్నారు. వద్దన్నాం. దాలినాయుడు గునపం తెస్తానన్నాడు. తెమ్మన్నాం, బయట వదిలి రమ్మన్నాం.

పైకి ధైర్యంగానే ఉన్నాను గానీ నలుగురిలో ఎవరో ఒకరు జారిపోతారని నా అనుమానం. మిగతా ముగ్గురూ అదే అనుకుంటూ ఉంటారు. వాళ్ళ అనుమానం నా మీద కూడా ఉండే ఉంటుంది.

9

చూపు రోజు.

చక్రం గది నిండిపోయి, వాకిట్లో కూడా జనం. పల్లపుపేట మొత్తం వచ్చింది. పైడితల్లి ముందు వరసలో నిలబడింది, ముఖం పీక్కుపోయి ఉంది. చక్రం చుట్టూ నిలబడిన నలుగురిలో నన్ను చూసింది. ఆమె ముఖంలో ముందు అర్థంకానితనం, ఆ తర్వాత అర్థమైపోవడం రెండూ చూశాను. తలవంచుకోవాలనిపించింది, వంచుకోలేదు.

"పట్టండి" అంది యామిని మేడమ్, దిమ్మె మీంచి. "తిప్పండి."

మెహరున్నీసా గుడ్డ లాగేసింది. నలుగురం చేతులు పైకెత్తాం. ఎవరూ జారిపోలేదు. నేను గొంతు చించుకుని అరిచాను: "సూడండి! మావెవులం తిప్పట్లేదు. సక్రం దానంతటదే తిరుగుద్ది!"

చక్రం తిరగలేదు.

అందరూ చూస్తూనే ఉన్నారు. అది కదల్లేదు. నేల కింద రొద కూడా లేదు. యామిని మేడమ్ ముఖంలో ఎంత జాలి కనిపించిందంటే, ఒక్క క్షణం నాకే మామీద జాలేసింది.

"జోగారావు మాస్టారు నిన్ననే నాకు అర్జీ ఇచ్చారు" అంది జనంతో. "వీళ్ళు ఇలా చేయబోతున్నారని. పాపం, తప్పు చేసినవాళ్ళకి మనసు కుదురుగా ఉండదు. నేను తిప్పలేదు, ఎవరో తిప్పారు అనుకుంటే కాస్త నిద్ర పడుతుంది. కానీ మీరే చూశారు. వీళ్ళు తిప్పకపోతే చక్రం తిరగదు. ఇన్నాళ్ళూ తిప్పింది వీళ్ళే."

మాస్టారి వైపు తిరిగాను. "పై అధికారికి ముందుగా తెలియపరచడం పద్ధతి కదమ్మా..." అంటున్నాడు. ముప్పై ఏళ్ళు ఏ పనైనా హెడ్మాస్టరు ద్వారా, ఇన్‌స్పెక్టరు ద్వారా నడిపిన మనిషి. ఎవరి మీద ఫిర్యాదో వాళ్ళ చేతికే అర్జీ ఇచ్చి వచ్చాడు. కొట్టి చంపాలన్నంత కోపం వచ్చింది.

జనంలోంచి ఒక చెప్పు వచ్చి దాలినాయుడి భుజానికి తగిలింది. "ఉప్పునీళ్ళు తాగించేరు కదరా!" అని ఎవరో అరిచారు. పైడితల్లి అరవలేదు. నా చేతులకేసే చూస్తోంది. యామిని దిమ్మె మీంచే మా వైపు వంగి, మెత్తగా, "చేతులు మళ్ళీ పెట్టండి నూకరత్నం గారూ, ఈ ఒక్కటీ కానిచ్చేద్దాం, అందరూ ఇళ్ళకి వెళ్ళిపోతారు" అంది. రాసుకున్న నాక్కూడా, విన్న నాక్కూడా, ఒక్క నిమిషం అనుమానం వచ్చింది. నిజంగా మేమే తిప్పామేమో. మాకే తెలియకుండా తిప్పామేమో. నా చేతులు చక్రం వైపు కొంచెం లేచాయి కూడా. అది రాయకపోతే ఈ రాతకి అర్థం లేదు.

అప్పుడు తట్టింది. ఇంత చిన్న సంగతి.

"సరేనమ్మా" అన్నాను అందరికీ వినపడేలా. "మావే తిప్పేం. ఏడు మెట్లూ మా సేతుల్తోనే బిగించేం. అయితే మా సేతుల్తోనే ఇప్పేత్తాం. ఎనక్కి తిప్పేత్తాం."

యామిని మేడమ్ మొదటిసారి తడబడింది. "అలా కుదరదు, ఉత్తర్వు లేకుండా..."

"తిప్పనీ!" అన్నారు పల్లపుపేటవాళ్ళు. "తిప్పించు ఆళ్ళ సేతే!"

నలుగురం పట్టుకున్నాం. ఈసారి తొడుగులు లేవు. దాలినాయుడి మెడ నరాలు తాళ్ళలా లేచాయి, మాస్టారు కళ్ళు మూసుకుని వేలాడాడు. చక్రం రవ్వంత కూడా కదల్లేదు. "నాటకాలాడతన్నారు" అన్నారెవరో. "అయితే నువ్వు రా, పట్టు" అన్నాను. వచ్చాడు. వాడి వెనక ఇంకో ఇద్దరు, ఆ వెనక పడవల్లో పనిచేసే నలుగురు. చోటు చాలక ఒకరి చేతుల మీద ఒకరు చేతులేసి లాగారు. చక్రం దగ్గర మనుషుల గుట్ట తయారైంది గానీ చక్రం మాత్రం అలాగే ఉంది. చెప్పు విసిరినవాడే ముందు నవ్వాడు. "ఓరి బాబో, ఇంతమందికి కదల్నిది ఈ ముసిలి మేస్టారు తిప్పేసేడట్రా!"

ఆ నవ్వు గదంతా పాకింది. ఈలోగా దాలినాయుడు బయటికెళ్ళి గునపం తెచ్చి చక్రం కింది పలక లేపాడు. మోటారు అక్కడే ఉంది, బెల్టుతో చక్రానికి బిగించి. దాన్నుంచి ఒక తీగ నేల వెంట పోయి యామిని నిలబడ్డ దిమ్మె కిందికి వెళ్ళింది. దిమ్మె తిరగేస్తే కాలితో నొక్కే మీట. యామిని మేడమ్ తలుపు దగ్గరికి వెళ్ళబోయింది. ఎవరూ ఆమెని కొట్టలేదు, దారి మాత్రం ఇవ్వలేదు. "ఇది నా నిర్ణయం కాదు, పై నుంచి చెప్పారు" అంటోంది. గొంతు అప్పుడు కూడా మెత్తగానే ఉంది.

మెహరున్నీసా తన కత్తెరతోనే బెల్టు కోసింది. అప్పుడు పైడితల్లి ముందుకొచ్చింది. మా నలుగురినీ పక్కకి జరగమని చేత్తో సైగ చేసి, చీర కొంగు నడుముకి దోపుకుని, ఒక్కతే చక్రం పట్టుకుని వెనక్కి తిప్పింది. ఊరంతా చూస్తుండగా, ఒక్క మనిషి, ఉత్త చేతులతో. ఎనిమిదేళ్ళ పిల్ల కూడా తిప్పగలిగేంత తేలిగ్గా తిరిగింది.

10

నీళ్ళు వచ్చాయన్న కేకలు వాకిట్లోంచి వినపడగానే జనం బిందెల కోసం పరిగెత్తారు. మిగిలినవాళ్ళు దాలినాయుణ్ణి భుజాల మీదకెత్తారు. "నాయుడు ఒక్కనాడూ తిప్పనేదట!" అని ఒకడు అరిస్తే, రెండో మెట్టు నుంచని నాయుడు సరిదిద్దలేదు. సిగ్గుపడుతూ నవ్వుతూ ఊరుకున్నాడు. నేనాయన్ని తప్పుపట్టను. మాస్టారు నా పక్కన చేరి చెవిలో, "మనం నలుగురమూ మొదటినుంచీ ఎదురు తిరిగినవాళ్ళమే అని చెబుదామమ్మా. ఒకే మాట మీద ఉందాం. అదే మంచిది" అన్నారు. ఎవరికి మంచిదని అడగబోయి మానేశాను.

గది ఖాళీ అయ్యాక పైడితల్లి నా దగ్గరికి వచ్చింది. చక్రం తుప్పు అంటి ఆమె అరచేతులు ఎర్రబడ్డాయి.

"అయితే నువ్వు తిప్పనేదన్నమాట, అప్పా." ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. పెదాలు ఇంకా పగిలే ఉన్నాయి. "నాను ఏటేటో అనేసుకున్నాను. నువ్వూ తిప్పనేదు."

ఊఁ అంటే చాలు. ముగ్గురూ అదే అంటున్నారు, మోటారు అక్కడే పడి ఉంది, నా ఒక్క ఊఁ అబద్ధమని ఎవరికీ తెలియదు. ఆ మాట ఆమె నానుంచి ఎంత కోరుకుంటోందో కనపడుతూనే ఉంది.

"మొదటి మెట్టు తిప్పేను" అన్నాను. "బలమంతా ఎట్టి తిప్పేను. మోటారుందని నాకు తెలీదు. నీ ఇంటికి నీళ్ళు తగ్గుతాయని తెలుసు. తెలిసే తిప్పేను."

బయట బిందెలు తగులుకునే చప్పుడు, ఎవరో పసిపిల్లకి నీళ్ళు పోస్తూ నవ్వడం వినపడుతున్నాయి.

"ఎందుకప్పా?" అంది పైడితల్లి.

మోసం, భయం, ఆచారం, పక్కవాడి రొప్పు, మరమరాల ఉండ అన్నీ వెతికాను. ఏదీ ఆమె ముఖం చూస్తూ చెప్పేంత పెద్దదిగా కనపడలేదు.

"తిప్పమన్నారు" అన్నాను.